కారు ఒకవైపు ఎందుకు ఒరిగింది?

పిల్లలూ! ఈ నెల మన పేజీకి ఒక వ్యాజ్యం వచ్చింది. ముద్దాయి మీ వయసువాడే. ఏడవ తరగతి చదువుతున్నాడు. తెనాలి దగ్గర ఒక ఊళ్ళో ఉంటాడు. అతను రాసిన ఉత్తరం ఇది:

"మేష్టారూ, మా తాతగారికి 1986 నాటి అంబాసిడర్ కారున్నది. దాన్ని వెనకనుంచి చూస్తే ఎడమవైపు కుంగినట్టు కనిపిస్తుంది. నేనూ, మా బాబాయిగారి పిల్లలూ వెనకసీటు మీద ఎక్కి గెంతుతూ ఉంటాము. నేను ఎప్పుడూ ఎడమ కిటికీ దగ్గరే గెంతుతాను. అందుచేత స్ప్రింగు కుంగడానికి నేనే కారణమని ఇంట్లో అందరూ అంటున్నారు. షెడ్డు మేస్త్రీ గారు వెనక కమాన్లు రెండూ మార్చాలన్నారు. ఈ ముసలి బండికి అంత ఖర్చు దేనికి, పాతసామానుకు అమ్మేద్దామని నాన్నగారు అంటున్నారు. తాతగారు ఏమీ అనడంలేదు గాని, రెండు రోజులుగా అన్నం సరిగా తినడంలేదు. నేను గెంతినమాట నిజమే. కాని గెంతితే స్ప్రింగు కుంగిపోతుందా?"

ఎంత చక్కని ప్రశ్న! "నేను గెంతలేదు" అని బుకాయించకుండా, "గెంతాను, కాని దానివల్లనేనా?" అని అడిగాడు. ఇట్లాంటి ముద్దాయికి విచారణ జరక్కుండా శిక్ష పడడం న్యాయం కాదు. అందుచేత నేను వెంటనే జవాబు రాశాను. ఆ మీదట రెండు నెలలపాటు మా మధ్య ఉత్తరాలు నడిచాయి. ఆ కథంతా ఇప్పుడు మీకు చెబుతాను. ఇది మీ నాన్నగార్లు కూడా చదవదగినదే.

ముందు బండి సంగతి తెలుసుకోవాలి. అంబాసిడర్ కారు మీలో కొందరు చూసి ఉండరేమో గాని, మీ తాతగారిని అడగండి, గంటసేపు చెబుతారు. ఇంగ్లండు దేశపు మారిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారును నమూనాగా తీసుకుని, కలకత్తా దగ్గర ఉత్తరపాడాలో హిందుస్తాన్ మోటార్స్ వారు 1950ల చివరలో దీన్ని తయారుచేయడం మొదలుపెట్టారు. 2014 మే నెలలో తయారీ ఆగిపోయింది. అంటే అర్ధశతాబ్దానికి పైగా ఒకే ఆకారంతో తయారైన బండి అన్నమాట. మంత్రులూ ఎక్కారు, పెళ్ళికొడుకులూ ఎక్కారు. పల్లెటూళ్ళలో టాక్సీగా ఒకేసారి పదిమందిని మోసిన అంబాసిడర్లు కూడా ఉన్నాయి. ఈ మాట గుర్తుంచుకోండి, ముద్దాయి తరఫున పనికివస్తుంది.

పదకొండు వందల కిలోలకు పైబడిన ఈ బండి నాలుగు స్ప్రింగుల మీద కూచుని ఉంటుంది. స్ప్రింగు అనగానే మీకు బాల్‌పెన్నులో ఉండే చుట్ట గుర్తుకొస్తుంది. ఈ పాత కారులో అట్లాంటి చుట్టలు లేవు. వెనకవైపు, ఇరుసుకు రెండు పక్కలా, కమాన్లు ఉంటాయి. పొడుగాటి ఉక్కు పట్టీ కింద కొంచెం పొట్టి పట్టీ, దానికింద ఇంకా పొట్టి పట్టీ, ఇట్లా పేర్చి మధ్యలో ఒక బోల్టుతో బిగించిన కట్ట అది. జట్కాబండికి కిందుండే కమాను ఎట్లా ఉంటుందో ఇదీ అట్లాగే విల్లులాగా వంగి ఉంటుంది. బరువు పడితే విల్లు కాస్త చాపుకుంటుంది. బరువు తీస్తే మళ్ళీ వంగుతుంది.

ముందువైపు ఏర్పాటు వేరు. అక్కడ ఒక్కొక్క చక్రానికి ఒక్కొక్క నిడుపాటి ఉక్కు కడ్డీ ఉంటుంది. అది బండి పొడుగునా వెనక్కు సాగి, రెండో కొన కదలకుండా బిగించి ఉంటుంది. చక్రం పైకి లేచినప్పుడల్లా కడ్డీ మెలి పడుతుంది. మీ అమ్మ తడిబట్టను పిండేటప్పుడు ఒక కొన మీరు పట్టుకుని నిలబడతారే, అట్లా. తేడా ఏమంటే, వదిలిపెడితే బట్ట మెలి అట్లాగే ఉండిపోతుంది. ఉక్కు కడ్డీ మాత్రం తనంతట తనే తిరిగి విప్పుకుంటుంది. అందుచేత అది కూడా స్ప్రింగే.

కమాను గానీ, కడ్డీ గానీ, రెండూ ఒకే నియమానికి లోబడతాయి. రాబర్ట్ హుక్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు దాన్ని కనిపెట్టాడు. బరువు రెట్టింపైతే వంగడం కూడా రెట్టింపవుతుంది. బరువు మూడింతలైతే వంగడమూ మూడింతలు. ఈయన తమాషా మనిషి. 1676లో ఈ నియమాన్ని అచ్చువేయించాడు గాని, అక్షరాలన్నీ కలగాపులగం చేసి, ఎవరికీ అర్థం కాకుండా వేయించాడు! ఇంకెవరైనా "నేనే ముందు కనిపెట్టాను" అంటే, "అదుగో, నేను ఆ సంవత్సరమే రాశాను" అని చూపించడానికి ఈ ఎత్తు వేశాడు. రెండేళ్ళ తరవాత, 1678లో, ఆ అక్షరాల చిక్కు తనే విప్పి చెప్పాడు.

అయితే ఈ నియమానికి ఒక హద్దున్నది. హద్దు లోపల ఎన్నిసార్లు వంచినా ఉక్కు మళ్ళీ తన మొదటి ఆకారానికి వచ్చేస్తుంది. హద్దు దాటి వంచితే మాత్రం వంపు ఉండిపోతుంది. మన ముద్దాయి తూకం ముప్ఫై రెండు కిలోలు. అంటే పెద్ద మనిషిలో సగం. అదే కమాను పెళ్ళిబృందాలను మోసింది, గుంటల్లో దబ్బుదబ్బున పడినప్పుడు అంతకన్న ఎంతో పెద్ద దెబ్బలు తిన్నది. దీని గెంతులకు అది హద్దు దాటే ప్రశ్నే లేదు. అదీగాక ఇతని గెంతులు ముందు సీటు లోపలి స్ప్రింగులకు తగులుతాయి. కమానుకు చేరేవి వాటి తరవాతనే. సీటు స్ప్రింగుల సంగతి అడిగితే మాత్రం నేను ముద్దాయి పక్షాన మాట్లాడలేను. అవి సన్నటి తీగలు. గెంతితే తప్పకుండా పాడవుతాయి.

సరే, ఇతను కాకపోతే మరెవరు? వాళ్ళింట్లో ఎవరికి తోచిన ఊహ వారు చెప్పారట. బాబాయిగారు, "డ్రైవరు ఎప్పుడూ కుడివైపు కూచుంటాడు కనక వయసుమీద కుంగేది కుడి స్ప్రింగే అవాలి, ఎడమది కుంగిందంటే మరేదో కారణమున్నది" అన్నారు. నాన్నగారు, "మన దేశంలో బండ్లు ఎడమపక్కన పోతాయి, రోడ్డు మధ్యలో ఎత్తుగా, అంచుల్లో పల్లంగా ఉంటుంది, కాబట్టి ఎడమ స్ప్రింగు మీదే బరువెక్కువ" అన్నారు. చూశారా, రెండూ తెలివైన మాటలే, రెండిట్లోనూ కొంత నిజమున్నది. కాని ఒకటి కుడికి లాగుతుంది, ఒకటి ఎడమకు లాగుతుంది. షెడ్డులో ఒక కుర్రవాడైతే షాక్ అబ్జార్బర్లు మార్చమన్నాడట. ఇది చాలామంది పడే భ్రమ. షాక్ అబ్జార్బరులో ఉండేది నూనె. అది బండి ఊగకుండా పట్టుకుంటుందే గాని, నిలబడి ఉన్న బండి బరువును మోయదు. అది పాడైతే బండి గుంట దాటాక పడవలాగా ఊగుతుంది, అంతేగాని ఒకపక్కకు ఒరగదు.

అందుచేత నేను అతనికి, "నాయనా, ముందు కొలిచి చూడు" అని రాశాను.

కొలవడానికి ముందు చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. మొదటిది, నాలుగు టైర్లలోనూ గాలి సరిగా పట్టించాలి. వెనకవి రెండూ ఒకే కొలత టైర్లు కావాలి. రెండోది, డిక్కీ ఖాళీ చేయాలి. ఈ ముసలి బండ్ల డిక్కీలు మన అటకల్లాంటివి. తాతగారి డిక్కీలో ఎడమ మూలనుంచి ఒక పనిముట్ల పెట్టె, రెండు పాత బ్యాటరీలు, ఒక ఇనప గొలుసు బయటపడ్డాయట! మూడోది, బండి ముందూ వెనకా రెండేసిసార్లు బాగా కిందికి నొక్కి వదలాలి. ఎందుకంటే కమాను పట్టీలు ఒకదానిమీద ఒకటి రాసుకుంటూ ఉంటాయి; తుప్పు పట్టినవైతే ఎక్కడ ఆగితే అక్కడే అతుక్కుంటాయి. నొక్కి వదిలితే తమ అసలు చోటికి వస్తాయి. "ఈ పనికి మాత్రం నీ గెంతులు పనికివస్తాయి" అని రాశాను.

నాలుగోది నాకు చాలా ఇష్టమైన పని. కొలత తీసిన తరవాత, కారును తిప్పి, అదే చోట, ముఖం అటునుంచి ఇటు ఉండేటట్టు నిలబెట్టి మళ్ళీ కొలవాలి. కింద గచ్చు ఏటవాలుగా ఉంటే, మొదట ఎడమవైపు కుంగినట్టు కనిపించినది, తిప్పాక కుడివైపు కుంగినట్టు కనిపిస్తుంది. అప్పుడు దోషి కారు కాదు, గచ్చు! ఎన్నో ఇళ్ళ ముందు నీళ్ళు పోవడానికని వాకిలి ఒకవైపు వాలుగా కడతారు. అక్కడ కారు పెట్టి చూసి స్ప్రింగులు మార్పించినవాళ్ళు లేకపోలేదు.

కొలవడం కూడా ఎక్కడనుంచి ఎక్కడికో తెలియాలి. నేలనుంచి మడ్గార్డు అంచుకు కొలిస్తే అందులో టైరు ఎత్తు, నేల వాలు అన్నీ కలిసిపోతాయి. చక్రం నడిమధ్యనుంచి తిన్నగా పైకి, మడ్గార్డు అంచువరకు కొలిస్తే స్ప్రింగు కుంగుదల ఒక్కటే తెలుస్తుంది. మన కుర్రవాడు టైలరు టేపుతో రెండు కొలతలూ తీశాడు. రాతకోతలన్నీ చక్కగా గడులు గీసి పంపాడు. గాలి పట్టించి, డిక్కీ ఖాళీ చేసేసరికి నేలనుంచి కొలిచిన తేడా 2 సెంటీమీటర్ల 9 మిల్లీమీటర్లనుంచి 2 సెంటీమీటర్ల 2 మిల్లీమీటర్లకు తగ్గింది. కారును తిప్పినా ఎడమవైపే తక్కువ వచ్చింది. కనక గచ్చు నిర్దోషి. చక్రం మధ్యనుంచి కొలిచినా తేడా ఇంచుమించు అంతే. కనక టైర్లూ నిర్దోషులే.

ఆ ఉత్తరం చివర అతను ఒక వింత రాశాడు. "మేష్టారూ, మీరు చెప్పకపోయినా నేను ముందు చక్రాల దగ్గర కూడా కొలిచాను. అక్కడ కూడా ఎడమవైపు 2 సెంటీమీటర్లు తక్కువే ఉంది! ఇదేమిటి?"

అది చదివి నేను కుర్చీలోంచి లేచాను. పరీక్షలో అడగని ప్రశ్నకు జవాబు రాసేవాడు వేయిమందిలో ఒకడుంటాడు.

ఇదేమిటో చెబుతాను వినండి. కారు శరీరం ఉక్కు పెట్టెలాంటిది. గుడ్డ ముక్కలాగా ఒక మూల అటూ, ఒక మూల ఇటూ వంగదు. వెనక ఎడమకు ఒరిగితే ముందు కూడా ఎడమకు ఒరగవలసిందే. మన కంటికి వెనకే కనిపించడానికి కారణమున్నది. అంబాసిడర్‌లో వెనక మడ్గార్డు చక్రం మీదికి బాగా దిగి ఉంటుంది; అక్కడ సందు కొంచెం కనక కొద్దిపాటి తేడా కూడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ముందు సందు పెద్దది, తేడా అందులో కలిసిపోతుంది. అంటే ఒరుగు కారు మొత్తానికి ఉన్నది. దాన్ని "వెనక ఎడమ మూల కుంగుదల" అని పేరుపెట్టింది మన కన్ను!

ఇప్పుడు ఒక చిక్కు వచ్చిపడింది. కారంతా ఎడమకు ఒరిగింది. నాలుగు మూలల్లో దోషి ఎవరు? వెనక ఎడమ స్ప్రింగు కుంగినా ఇట్లాగే ఒరుగుతుంది. ముందు ఎడమది కుంగినా ఒరుగుతుంది. అంతేకాదు, కుడివైపు స్ప్రింగు ఏదైనా ఉండవలసినదానికన్న ఎత్తుగా ఉన్నా కూడా ఎడమకే ఒరుగుతుంది! టేపు ఎన్నిసార్లు పెట్టి కొలిచినా ఈ చిక్కు విడిపోదు.

మీ ఇంట్లో ముక్కాలి పీట ఉంటే ఒకసారి చూడండి. దాన్ని ఎగుడుదిగుడు నేలమీద ఎక్కడ పెట్టినా కదలకుండా కూచుంటుంది. నాలుగు కాళ్ళ బల్ల అట్లా కూచోదు. ఒక కాలు పొడుగైతే ఎదురు మూల కాలితో కలిసి ఆ రెండే బరువంతా మోస్తాయి, తక్కిన రెండూ టకటకమని కొట్టుకుంటాయి. నాలుగు కాళ్ళున్నంతసేపూ ఒకదాని తప్పు ఇంకొకదానికి అంటుకుంటూనే ఉంటుంది. అందుచేత మనం చేయవలసిందేమిటి? కారుకు మూడు కాళ్ళు చేయాలి!

అది ఎట్లాగంటే, ముందు రెండు చక్రాల మధ్య, సరిగ్గా నడిమధ్యన, అడ్డదూలం కింద జాకీ పెట్టి, ముందు చక్రాలు నేలనుంచి కొద్దిగా లేచేవరకు ఎత్తాలి. ఇప్పుడు ముందువైపు కారు ఒకే బిందువు మీద ఆనుకున్నది. ఒక బిందువు కారును కుడికీ ఒరగనివ్వగలదు, ఎడమకూ ఒరగనివ్వగలదు. దానికి పక్షపాతం లేదు. కనక ఒరుగు ఉండాలా వద్దా అని తేల్చేవి వెనక స్ప్రింగులు రెండే. అప్పుడు వెనక కొలవాలి. తేడా అట్లాగే ఉంటే దోషి వెనక ఉన్నది. తేడా పోతే దోషి ముందు ఉన్నది.

ఆగండి, ఆగండి! జాకీకోసం పరుగెత్తకండి. ఇది షెడ్డులో మేస్త్రీ చేయవలసిన పని. చదునైన గట్టి గచ్చు కావాలి, నేలమీద ఉన్న చక్రాలకు ముందూ వెనకా చెక్కలు అడ్డం పెట్టాలి, చక్రాలతో దొర్లే పెద్ద జాకీ కావాలి. కొలిచేవాడు పక్కన నిలబడి కొలవాలి. జాకీ మీదున్న బండి కింద చెయ్యి గానీ, కాలు గానీ, తల గానీ పెట్టకూడదు. కిందికి దూరవలసిన పని ఉంటే స్టాండ్లు వేసిన తరవాత పెద్దవాళ్ళే దూరాలి. ఇందులో మినహాయింపు లేదు. నేను బడిలో నలభై ఏళ్ళు బెత్తం వాడకుండా గడిపినవాణ్ణి. ఈ ఒక్క విషయంలో మాత్రం మాట వినకపోతే బెత్తం వెతుక్కుంటాను.

తాతగారూ, మనమడూ కలిసి బండిని షెడ్డుకు తీసుకుపోయారు. మేస్త్రీ గారు మొదట నవ్వాడట. కాని మంచివాడు, ఒప్పుకున్నాడు. ముందుగా కింద దీపం పెట్టి రెండు కమాన్లూ పరీక్షగా చూశాడు. పట్టీ విరిగితే విరిగినచోట అడ్డంగా ఎర్రటి తుప్పు గీత కనిపిస్తుంది, ఒక్కోసారి ముక్క పక్కకు జరిగిపోతుంది. అట్లాంటిదేమీ లేదు. నడిమి బోల్టు తెగలేదు. పట్టీల లెక్క రెండువైపులా సమానమే.

తరవాత ముందువైపు నడిమధ్యన జాకీ వేసి ఎత్తారు. వెనక నొక్కి వదిలారు. కుర్రవాడు టేపు పెట్టాడు. రెండుసార్లు పెట్టాడు. 2 సెంటీమీటర్ల 2 మిల్లీమీటర్లున్న తేడా 3 మిల్లీమీటర్లయింది!

వెనక కమాన్లు నిర్దోషులు. వాటితోపాటు వాటిమీద గెంతినవాడూ నిర్దోషి.

మేస్త్రీ గారు నవ్వడం మానేసి, తనే ముందుకొచ్చి, ఈసారి జాకీని వెనక ఇరుసు మధ్యన ఉండే గుండ్రటి పెట్టె కింద వేశాడు. వెనక చక్రాలు లేచాయి. ఇప్పుడు వెనక ఒకే బిందువు. ఒరుగును తేల్చేవి ముందు కడ్డీలు రెండే. ముందు కొలిస్తే తేడా ఎంత వచ్చిందనుకుంటున్నారు? ఇదివరకు 2 సెంటీమీటర్లు. ఇప్పుడు 3 సెంటీమీటర్ల 7 మిల్లీమీటర్లు!

ఎందుకు పెరిగిందో ఆలోచించండి. ముందు కడ్డీలు కారును ఎడమకు తోస్తున్నాయి. ఇన్నాళ్ళూ వెనక కమాన్లు ఆ తోపుడుకు ఎదురు నిలిచి, కారును నిటారుగా ఉంచడానికి తమ శక్తికొద్దీ పెనుగులాడుతున్నాయి. వాటిని పక్కకు తప్పించేసరికి ఒరుగు ఇంచుమించు రెట్టింపయింది. మార్చివేయాలనుకున్న కమాన్లే బండిని కాపాడుతూ వచ్చాయన్నమాట.

ఇక ముందు రెండింటిలో దోషి ఎవరో తేల్చాలి. ఎడమది కుంగిందా, కుడిది లేచిందా? తాతగారికి ఒక సంగతి గుర్తుకొచ్చింది. క్రితం వేసవిలో వేరే ఊళ్ళో, వేరే షెడ్డులో, ముందు కుడి చక్రం దగ్గర పనిచేయించారు. అప్పుడు ఆ వైపు కడ్డీని విప్పి మళ్ళీ బిగించారట. ఈ కడ్డీల కొనలకు నిలువునా సన్నటి పళ్ళు ఉంటాయి. ఆ పళ్ళు ఎదుటి గాడుల్లో దిగి కూచుంటాయి. తీసేటప్పుడు గుర్తు గీసుకోకుండా, పెట్టేటప్పుడు ఒక పన్ను అటో ఇటో కూచోబెడితే, కడ్డీ ముందే కాస్త ఎక్కువ మెలి తిరిగి ఉంటుంది. దాంతో ఆ మూల లేచి నిలబడుతుంది. కుడి ముందు మూల లేస్తే, నాలుగు కాళ్ళ బల్లలాగానే, దాని ఎదురు మూలమీద బరువు పడుతుంది. ఎదురు మూల ఏది? వెనక ఎడమ!

మేస్త్రీ గారు ఆ కడ్డీని విప్పి సరైన చోట బిగించాడు. కొత్త సామాను ఏదీ కొనలేదు, కూలి మాత్రమే అయింది. బండిని కొంచెం ముందుకూ వెనక్కూ దొర్లించి కొలిస్తే, వెనక తేడా 4 మిల్లీమీటర్లు, ముందు 3. నలభై ఏళ్ళ బండికి అంతకన్న మంచి లెక్క నేను అడగను.

ఇది చూడ్డానికి బాగుండడంకోసం మాత్రమే చేసిన పని కాదు. ముందు కుడి, వెనక ఎడమ, ఈ రెండు చక్రాల మీదే బరువు ఎక్కువగా పడుతూ వచ్చింది. తక్కిన రెండు చక్రాలూ నేలను తేలిగ్గా తాకుతున్నాయి. వానాకాలం తడిరోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే, తేలిగ్గా ఉన్న చక్రాలు ముందుగా జారతాయి. పాతసామానుకు పోయినా బాధ లేదనుకున్నవారు ఆ బండిలోనే రోజూ పిల్లలను బడికి పంపిస్తున్నారు.

మీ ఇంట్లో పాత బండి ఉండి, ఈ పరీక్షలో దోషి వెనక ఉన్నదని తేలితే అప్పుడేం చేయాలో పెద్దవాళ్ళకోసం రెండు మాటలు. వెంటనే కొత్త కమాన్లు కొనకండి. ముందు అతుకుల దగ్గరి రబ్బరు బుష్షులు చూడండి. చక్రాలు వేలాడుతూ ఉండగా ఆ బోల్టులు బిగిస్తే, బండి కిందికి దిగినప్పుడు రబ్బరు మెలిపడి ఆ వైపు ఎత్తి పట్టుకుంటుంది. అప్పుడు రెండోవైపు కుంగినట్టు కనిపిస్తుంది. బోల్టులు వదులుచేసి, బండి బరువు చక్రాలమీద ఉండగా తిరిగి బిగిస్తే చాలు. అది కాదని తేలితే ఎడమ కమాను కుడికీ, కుడి కమాను ఎడమకీ మార్చి చూడవచ్చు. కమానే దోషి అయితే, ఒరుగు దాని వెంబడే అటువైపు వెళుతుంది. నిజంగా కుంగినదని తేలాక మాత్రం ఒక్కటే మార్చకండి, రెండూ కలిపి మార్చండి. కొత్తదీ పాతదీ జత కలవవు.

మన ముద్దాయి ఆఖరి ఉత్తరంలో, తాతగారు మళ్ళీ అన్నం తింటున్నారనీ, ఆదివారంనాడు అందరినీ బాపట్ల సముద్రానికి తీసుకుపోయారనీ రాశాడు. "సీటు మీద గెంతడం మానేశాను" అని కూడా రాశాడు. సీటు స్ప్రింగుల సంగతి నేను చెప్పకముందే మానేశాడట.

ఇంట్లో కారు లేనివాళ్ళు బాధపడనక్కరలేదు. ఈ పరీక్షంతా పీటమీద చేయవచ్చు. గిన్నెలు తోమే స్పాంజిని ఒకే కొలతలో నాలుగు ముక్కలు కోయండి. గట్టి చెక్క పీటను తిరగేసి, దాని నాలుగు మూలల కిందా నాలుగు ముక్కలూ పెట్టండి. పీట మధ్యన రెండు మూడు లావుపాటి పుస్తకాలు పెట్టండి. నాలుగు మూలల ఎత్తూ స్కేలుతో కొలిచి రాసుకోండి. ఇప్పుడు ముందు కుడి ముక్క కింద ఒక అంగుళం మందాన చెక్కముక్క దూర్చండి. వెనక ఎడమ స్పాంజి ఎట్లా నలిగిందో చూడండి. తరవాత వెనక రెండు స్పాంజి ముక్కలూ తీసేసి, వాటి బదులు వెనక అంచు నడిమధ్యన ఒకటే ముక్క పెట్టండి. పీట ఎటు ఒరిగింది, ఎంత ఒరిగింది, ముందుకన్న ఎక్కువా తక్కువా, కొలిచి నాకు రాయండి.